రెక్క కింద దాగాల్సింది క్రియ

సంపాదకులకు నమస్కారం.

చేత్తో ఎత్తి, లాగి, తిప్పి చదివే బొమ్మల పుస్తకాలు తెలుగులో ఎందుకు తక్కువన్న మీ ఆదివారం వ్యాసం చదివాం. ఖర్చే అడ్డమని అందులో తేల్చేశారు. ఖర్చు అడ్డమే, కాదనం. అయితే డబ్బు పోసి చేసిన పుస్తకాల్లోనూ చాలావాటిని పిల్లలు ఒకసారి గెలికి పక్కన పడేస్తున్నారు. ఆ లోపం కాగితానిది కాదు, వాక్యానిది. ఆ సంగతి, దాంతోపాటు అచ్చు దగ్గర జరిగే పొరపాట్లు కాస్త వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడవైందనిపిస్తే ఫోన్ల గురించిన పేరా తీసేయండి, ఫర్వాలేదు.

బజారులో దొరికే ఫ్లాప్ పుస్తకాల్లో, అంటే పైకెత్తితే కింద దాగింది కనిపించే కాగితపు రెక్కలున్న పుస్తకాల్లో, చాలావరకు ఇంగ్లీషు నుంచి వచ్చినవే. బొమ్మా, రెక్కా ఎక్కడివక్కడే ఉంచి మాటలు మాత్రం మారుస్తారు. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది. ఏది, ఎక్కడ అన్నవి చివర మిగులుతాయి. అందుకే అక్కడ రెక్క ఎత్తితే ఒక పేరో, ఒక చోటో కనిపిస్తుంది. మన వాక్యం అలా నడవదు. "తాబేలు పిల్ల సముద్రంలోకి" అని ఆగితే చోటు తెలిసిపోయింది, పని తెలియలేదు. పాకిందా, జారిందా, దూకిందా? తెలుగులో రెక్క ఉండాల్సింది సరిగ్గా అక్కడ. అనువాదంలో ఏమవుతుందంటే, రెక్క మీదే "సముద్రంలోకి పాకింది" అని వాక్యం పూర్తయిపోతుంది, రెక్క కింద ఉత్త సముద్రం ఉంటుంది. ఎత్తి చూసిన పిల్లకి కొత్తగా దొరికిందేమీ లేదు.

"తోసి", "చూసి" లాంటి అసమాపక క్రియ ఇంకా పనికొచ్చేది. విశాఖ తీరంలో ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి. దాదాపు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. దాన్ని పుస్తకం చేస్తే మొదటి పేజీలో "ఇసుక కింద తాబేలు పిల్ల గుడ్డు పగలగొట్టి", తర్వాతి పేజీలో "ఇసుక తోసి", ఆ తర్వాత "తల బయటపెట్టి", "మెరిసే నీళ్లు చూసి", "కాసేపు ఆగి", "గబగబా..." అక్కడ రెక్క. ఎత్తితే "పాకింది!" పుస్తకం మొత్తానికి వాక్యం ఒక్కటే. ప్రతి "-ఇ" దగ్గరా చదివే అమ్మ గొంతు పైకి లేస్తుంది, పిల్ల చెయ్యి తర్వాతి పేజీ మీదికి దానంతటదే పోతుంది. దీన్నే "పగలగొట్టింది. తోసింది. చూసింది." అని ముక్కలు చేస్తే ప్రతి పేజీ దగ్గరా కథ అయిపోతుంది. గబగబా, జరజరా, బుడుంగున, గిర్రున లాంటి మాటలు మనకు కావలసినన్ని ఉన్నాయి. వాటిని రెక్క పైన ఉంచి, క్రియను కింద దాచాలి.

రెక్క ఎత్తడానికి, పట్టీ లాగడానికి, చక్రం తిప్పడానికి వేటి క్రియలు వాటివి. ఏటికొప్పాక లక్కబొంగరానికి చక్రం సరిపోతుంది, ఎందుకంటే పిల్ల వేలు తిప్పుతుంటేనే బొంగరం తిరుగుతుంది. నిద్రపోయే పాపాయికి చక్రం పెడితే ఎందుకు తిప్పుతున్నామో ఎవరికీ అర్థం కాదు. అక్కడ కావలసింది దుప్పటిలా పైకి లేచే రెక్క. కథ రాసేటప్పుడే ప్రతి పేజీ పక్కనా పిల్ల చెయ్యి చేసే పని ఒక్క మాటలో రాసుకోండి. కథలోని క్రియతో అది కలవకపోతే ఆ పేజీని మామూలుగా వదిలేయడం మేలు. 24 పేజీల పుస్తకంలో ఆరో, ఎనిమిదో కదిలేవి చాలు. ప్రతి పేజీలోనూ ఉంటే పిల్లలు చదవడం మానేసి రెక్కలు వెతుక్కుంటారు.

ఇక ఖర్చు. 1000 ప్రతులు, ఒక్కోదానికి 8 రెక్కలు అంటే 8000 అతుకులు. ఒక్కో అతుకుకు అర నిమిషం వేసుకున్నా దాదాపు 67 గంటల చేతిపని. దీన్ని తప్పించేది సగం పేజీ. పూర్తి పేజీల మధ్య ఒక ఆకును సగం వెడల్పుకే కోసి కుడతారు. అది తిప్పితే ఎడమ బొమ్మలో సగం, కుడి బొమ్మలో సగం మారిపోతాయి. జిగురు అక్కర్లేదు, డై (కాగితాన్ని ఆకారానికి కోసే అచ్చు) అక్కర్లేదు, కటింగ్ మెషీన్ మీద ఒక్క కోత చాలు. కాకపోతే నడిమి మడతలో పిన్నులు కొట్టే సెంటర్ పిన్నింగ్ పుస్తకంలో ప్రతి ఆకుకూ అవతలి సగంలో ఒక జత ఆకు ఉంటుంది. పొట్టి చేయాల్సిన ఆకును ఫారాలు (అచ్చయి మడిచిన కాగితాలు) పేర్చకముందే కోయాలి. పేర్చాక మూడు వైపులా ట్రిమ్ చేసే దశలో గుర్తొస్తే అప్పటికే పని చెయ్యి దాటిపోయినట్టే. పైన చెప్పిన తాబేలు కథకు సగం పేజీలు సరిగ్గా సరిపోతాయి: ఒక్కో ఆకు తిప్పినకొద్దీ ఇసుక తగ్గుతుంది, నీళ్లు దగ్గరవుతాయి.

నిజమైన రెక్కలు రెండు రకాలు. పేజీలోనే మూడు వైపులా డై పంచింగ్ చేసి, నాలుగో వైపు క్రీజింగ్ (మడత గీత) వేసి, వెనక ఇంకో ఆకు అతికించేది ఒకటి. విడిగా కోసి అతికించేది ఇంకొకటి. మొదటి దాంట్లో డై ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరగడం మామూలే. కాబట్టి కింది బొమ్మ రెక్క గీతకన్నా నాలుగు వైపులా 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, లేకపోతే అంచున తెల్లగీత కనిపిస్తుంది. రెక్క చుట్టూ సన్నటి బోర్డరు గీయించే ఆర్టిస్టులు ఈ జరుగుడు చూస్తే మళ్లీ గీయించరు. రెండు ఆకులను అతికించే జిగురు రెక్క కోతకు 10 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగిపోవాలి. కాస్త లోపలికి పాకినా రెక్క మూసుకుపోతుంది, పిల్ల చింపి తెరుస్తుంది. వేలు దూరడానికి అంచు మధ్యలో 15 మిల్లీమీటర్ల అర్ధచంద్రాకారపు కోత కావాలి. రెండో రకానికి 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే) కార్డు, 12 మిల్లీమీటర్ల అతుకుపట్టీ తీసుకోండి. పట్టీని పేజీ మీద అతికిస్తే నెల తిరక్కుండా ఊడుతుంది. పేజీలో చీలిక పెట్టి, పట్టీని అందులోంచి వెనక్కి దూర్చి, వెనకవైపు అతికించి, దానిపై ఇంకో ఆకు వేస్తే పిల్ల రెక్క పట్టుకుని పుస్తకాన్ని వేలాడదీసినా ఊడదు. వేలాడదీస్తారు కూడా.

మడత దేనికైనా కాగితం నార దిశకు, అంటే అందులోని పీచు పరుచుకున్న దిశకు, సమాంతరంగానే ఉండాలి. అడ్డంగా పడితే మడత మీద రంగు పగులుతుంది, జిగురు తడికి రెక్క అలలు తేలుతుంది. దిశ తెలుసుకోవడం సులువే. చిన్న ముక్క తీసుకుని ఒకవైపు తడిపితే అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటుందో నార అటు. ఇంకో మాట, రెక్క ఎటువైపు తెరుచుకోవాలన్నది పుస్తకం ఎక్కడ చదువుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒళ్లో చదివేదైతే ఎటైనా ఫర్వాలేదు. టీచరు పుస్తకం ఎత్తి తరగతికి చూపించేదైతే కింది అంచున మడత ఉన్న రెక్క దానంతటదే జారి తెరుచుకుని గుట్టు బయటపెట్టేస్తుంది. బడి పుస్తకాలకు పక్కవైపు మడతే వేయించండి.

లాగే పట్టీకి మన దగ్గర అరకు కొండల మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలుకన్నా మంచి కథ లేదు. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. రైలును పట్టీ మీద గీసి, పేజీలో కిటికీ కోసి, కొండ ఉన్నచోట కోయకుండా వదిలేస్తే, పట్టీ లాగినప్పుడు రైలు కొండలోకి దూరిపోతుంది. కొలతలు ఇలా ఉంటే నడుస్తుంది: పట్టీ వెడల్పు 36 మిల్లీమీటర్లు, అది జారే దారి 38, కిటికీ ఎత్తు 28, లాగుడు దూరం 70. పట్టీకి దారికి మధ్య రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు ఖాళీ. అంతకు తగ్గితే వానాకాలం ఇరుక్కుంటుంది, పెరిగితే రైలు పట్టాలు తప్పినట్టు వంకరగా నడుస్తుంది. పట్టీ లోపలి కొస 50 మిల్లీమీటర్ల వెడల్పుతో టీ ఆకారంలో ఉండాలి. అదే అడ్డుగా నిలుస్తుంది. అది లేకపోతే మొదటి రోజే పట్టీ పిల్ల చేతిలోకి ఊడివస్తుంది. కార్డు 300 జీఎస్ఎం, నార పొడవు వెంట. జిగురు దారికి 5 మిల్లీమీటర్ల ఇవతలే ఆగాలి. బయట కనిపించే కొస మీద బాణం గుర్తు వేస్తారు. మూడేళ్ల పిల్లలకు బాణం అర్థం కాదు. ఆ కొసకు రైలు రంగే వేస్తే పట్టుకుంటారు.

చక్రాలకు ఇనుప రివెట్టు వద్దు. గుండ్రటి కాగితం ముక్క అంచును రేకుల్లా చీల్చి, చక్రం రంధ్రంలోంచి దూర్చి, వెనక విప్పి అతికిస్తే కాగితపు ఇరుసు తయారవుతుంది. బొమ్మల భద్రతకున్న ఐఎస్ 9873 ప్రమాణం ప్రకారం మూడేళ్ల లోపు పిల్లల ఆటవస్తువు నుంచి ఊడే ఏ ముక్కా 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న కొలత గొట్టంలో పూర్తిగా పట్టకూడదు. రివెట్టు హాయిగా పడుతుంది. మీట నొక్కితే పాట వచ్చే పుస్తకాల్లో బటన్ బ్యాటరీల సంగతి ఇంకా ప్రమాదం: మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. బ్యాటరీ గది మూతకు స్క్రూ లేని పుస్తకం ఎంత అందంగా ఉన్నా కొనొద్దు.

చక్రం అనగానే అందరూ గుణింతం చేద్దామంటారు. మధ్యలో "క", చుట్టూ తిరిగే గుడి, కొమ్ము, ఏత్వం. చూడటానికి బాగుంటుంది, తెలుగుకి కుదరదు. గుడి వస్తే తలకట్టు పోవాలి. కొమ్ము అన్ని అక్షరాలకూ ఒకేలా రాదు. "వ" పక్కన మామూలు కొమ్ము పెడితే "మ" అయి కూర్చుంటుంది, అందుకే "వు"లో కొమ్ము అడుగు నుంచి లేస్తుంది. గుర్తును జరిపే చక్రం పిల్లకి తప్పు అక్షరం నేర్పుతుంది. కిటికీలో ఒక్కోసారి ఒక్కో పూర్తి అక్షరం కనిపించేలా చేయాలి. ఆరు బొమ్మల చక్రమైతే ఒక్కో భాగం 60 డిగ్రీలు. కిటికీని 45 డిగ్రీలకు మించి కోయొద్దు, పక్క అక్షరం తొంగి చూస్తుంది.

పెద్ద బొమ్మ ఒకే రెక్క కింద చూపాలనుకునేవాళ్లకి ఒక లెక్క. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి పొడవు దాదాపు 91 మీటర్లు. క్రౌన్ నాలుగో వంతు సైజు పేజీని 24 సెంటీమీటర్ల వైపు అడ్డంగా వాడితే రెండు పేజీలు కలిపి 48 సెంటీమీటర్లు. 200వ వంతుకు కుదిస్తే జలాంతర్గామి 45 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, సరిగ్గా పడుతుంది. కానీ అదే కొలతలో లోపలి నావికుడు 8 మిల్లీమీటర్లు. మొహం కనిపించదు. కాబట్టి లోపలి గదులను కొలత వదిలేసి పెద్దవిగా గీయక తప్పదు, ఆ మాట బొమ్మ కింద చెప్పకా తప్పదు. పైనున్న గోపురం లాంటి భాగం పుస్తకం నడిమి మడతలో పడకుండా పక్కకు జరపండి. పిన్ను దగ్గర నాలుగైదు మిల్లీమీటర్లు ఎప్పుడూ మాయమవుతాయి.

సముద్రపు ఊళ్లో ఉన్నాం కనుక ఇది గట్టిగా చెప్పాలి. ఒకవైపే లామినేషన్ చేయించిన కార్డు ఇక్కడ నిలవదు. లామినేషన్ లేని వైపు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, రెండో వైపు ఉబ్బదు, రెక్క దొన్నెలా వంగుతుంది. చేయిస్తే రెండు వైపులా చేయించండి, లేదా అసలు మానేసి వార్నిష్ వేయించండి. ఉప్పుగాలికి మామూలు పిన్నులు తుప్పు పట్టి నడిమి పేజీలో గోధుమరంగు మరక వదులుతాయి. దారం కుట్టు వేయిస్తే ఆ బాధ ఉండదు, పిన్ను ఊడి పిల్ల నోట్లోకి పోయే భయమూ ఉండదు. డబుల్ సైడ్ టేప్ వేసవి ఎండకు కరిగి అంచుల్లోంచి కారుతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. ఫెవికాల్ రకం జిగురే పలచగా రాసి, రాత్రంతా బరువు కింద ఉంచడం మేలు.

అక్షరాల సంగతి. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు 24 పాయింట్ల అక్షరం, వరుసకూ వరుసకూ 38 పాయింట్ల ఎడం. ఇంగ్లీషు పుస్తకం లేఅవుట్‌లో 30 ఉంటే దాన్నే ఉంచేస్తారు. అప్పుడు పై వరుసలోని "రాష్ట్రం" ఒత్తులు కింది వరుసలోని "గీత" నెత్తిన కూర్చుంటాయి. రెండు అంచులూ సమానం చేయకండి, మాటల మధ్య గోతులు పడతాయి. రెక్క అంచు మాట మధ్యలోంచి పోకూడదు.

ఫోన్లో, టాబ్లెట్‌లో చదివే పుస్తకం వేరే పని, దాని గురించి కొద్దిగానే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన ఫైలును ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు)లోకి దించితే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌కు మార్చి, ఒత్తులన్నీ మనిషే చూసి దిద్దాలి. చదువుతుంటే మాట రంగు మారే సదుపాయం పెడితే అక్షరాన్ని విడగొట్టొద్దు: "రాష్ట్రం" పిల్లకి రెండక్షరాలు, కంప్యూటరుకి ఎనిమిది గుర్తులు. ఒక్కో గుర్తుకూ రంగు వేస్తే ఒత్తు విడిపోయి చుక్కల వలయాలు తేలుతాయి. నొక్కే చోటు రెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు. పిల్లలు అరచెయ్యి తెర మీద ఆనించే ఉంచుతారు, కాబట్టి కింది మూలల్లో ఏమీ పెట్టొద్దు. కథతో సంబంధం లేని ఆటలు ఇరికిస్తే పిల్లలకు కథ అర్థమవడం తగ్గుతుందని 2015లో టకాచ్, స్వార్ట్, బస్ అనే పరిశోధకుల సమీక్ష తేల్చింది. కాగితపు రెక్కకూ ఇదే వర్తిస్తుందని మా అభిప్రాయం.

బళ్లకూ, అంగన్‌వాడీలకూ టోకున కొనేవాళ్లకు ఒక సూచన. షరతుల్లో పేజీల సంఖ్య, జీఎస్ఎం, రంగులు రాస్తారు. రెక్క ఎన్నిసార్లు తెరిచినా ఊడకూడదో రాయరు. అందువల్ల ఖరీదైన కార్డు మీద చవక జిగురు వచ్చి పడుతోంది. మూడు వాక్యాలు కలపండి: రెక్క 200 సార్లు, పట్టీ 100 సార్లు తెరిచి మూసినా చిరగకూడదు, తడిగుడ్డతో పాటు మూసిన డబ్బాలో ఒక రాత్రి ఉంచి తీశాక పట్టీ ఇరుక్కోకూడదు, ఊడిన ప్రతి ముక్కనూ కొలత గొట్టంలో వేసి చూడాలి. పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు, ఒక మనిషీ ఒక మధ్యాహ్నమూ చాలు. అచ్చుకు వెళ్లేముందు అసలు కాగితంతోనే బొమ్మల్లేని తెల్ల డమ్మీ (నమూనా పుస్తకం) ఒకటి కట్టించి, నలుగురు పిల్లల చేతికిచ్చి, నోరు మెదపకుండా చూడాలి. "ఇక్కడ ఎత్తు నాన్నా" అని చెప్పాల్సి వచ్చిన ప్రతిచోటా డిజైను మార్చాల్సిందే.

చివరగా మీకొక విన్నపం. నెలకోసారి ఆదివారం అనుబంధంలో అరపేజీ ఇస్తే దాంతోనే పిల్లలు ఎనిమిది పేజీల పుస్తకం చేసుకోవచ్చు. అరపేజీని అడ్డంగా పెట్టి పైన నాలుగు, కింద నాలుగు గడులు గీయండి. కింది వరుసలో ఎడమ నుంచి 8, 1, 2, 3 పేజీలు. పై వరుసలో తలకిందులుగా 7, 6, 5, 4. గీతలన్నీ మడిచి, పై కింది వరుసలను విడదీసే అడ్డగీతను నడిమి రెండు నిలువు వరుసల మేర మాత్రమే కోసి, పొడవునా సగానికి మడిచి, రెండు చివరలూ లోపలికి నెడితే పుస్తకం నిలబడుతుంది. పిన్నూ జిగురూ అక్కర్లేదు. న్యూస్‌ప్రింట్ పలచన కనుక రెక్కలు పెట్టొద్దు, పేజీ తిప్పడమే రెక్క అనుకుని క్రియను తర్వాతి పేజీకి నెట్టండి. అక్షరం 18 పాయింట్లకు తగ్గొద్దు. రంగు మీద తెల్లటి సన్న అక్షరాలు వద్దు, నాలుగు రంగుల్లో ఒకటి కాస్త జరిగినా పూడిపోతాయి. ఆ అరపేజీ వెనక నల్లటి పెద్ద ప్రకటన పడకుండా చూడండి, సిరా ఇవతలికి కనిపిస్తుంది. పదకేళి కూడా అటువైపు వేయకండి. పిల్లలు కోసేశాక ఇంట్లో పెద్దవాళ్లు మీకే ఫోన్ చేస్తారు.

మొదటి నెలకు తాబేలు పిల్ల పుస్తకం బొమ్మలతో సహా సిద్ధం చేసి ఇస్తాం.

ఇట్లు,
పిల్లల పుస్తకాలకు బొమ్మలు, లేఅవుట్, బైండింగ్ చేసే కొందరం
విశాఖపట్నం